కొయ్యకలం మీద రెండు మాటలు

నా ట్రంకుపెట్టెలో అడుగున ఒక పాత కాపీపుస్తకం ఉన్నది. 1967లో నేను మూడో తరగతి చదివేటప్పటిది. అట్ట సగం చెదలు తిన్నది. కాగితాలు పసుపుపచ్చగా మారిపోయాయి. అందులో దాదాపు ప్రతి పేజీ చివరా ఎర్రసిరాతో రెండే మాటలు కనిపిస్తాయి: "గుండ్రంగా రాయి." అవి మా మాస్టారు రాసినవి. ఆయన ఏడాది పొడుగునా ఆ మాటలే రాశారు. ఏడాది చివరకు గాని నాకు గుండ్రంగా రాయటం రాలేదు.

ఆ మాస్టారికి ఇప్పుడు ఎనభై ఏడేళ్ళు. కిందటి సంక్రాంతికి చూడబోతే, చెయ్యి వణుకుతున్నదనీ, సన్నని కలం వేళ్ళమధ్య నిలవటం లేదనీ, ఉత్తరాలు రాయటం మానేశాననీ చెప్పారు. మూడువంతుల జీవితం పిల్లలకు చేతిరాత నేర్పిన మనిషి తాను రాయటం మానేశానంటే నాకు మనసు మనసులో లేదు. కాస్త లావుగా, పట్టు దొరికేట్టుగా ఉండే కలం ఆయనకు ఒకటి చేయించి ఇవ్వాలనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా పాత బడి పెంకుటిల్లు పడగొట్టారు. విరిగిన బల్లలూ, కుర్చీలూ పెరట్లో పోగుపోశారు. మాస్టారు కూర్చున్న టేకు కుర్చీ చెయ్యి ఒకటి ఆ పోగులో కనిపించింది. మాస్టారు చెయ్యి ఆనించి ఆనించి అది అద్దంలా నున్నబడి ఉన్నది. అడిగి తెచ్చుకున్నాను. అయితే దానికి నడుమ మేకు దిగిన రంధ్రం ఒకటున్నది. ఆ మేర తీసేస్తే రెండు కలాలకు సరిపోయే కర్ర మాత్రమే మిగులుతుంది.

విశాఖపట్నంలో మా మేనల్లుడు ఉన్నాడు. ఒక ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం. సెలవురోజుల్లో డాబామీది గదిలో చేరి కొయ్యకలాలు తయారుచేస్తాడు. వాటిమీద పేర్లు కూడా చెక్కుతాడు. ఉలితో కాదు, వెలుగుతో! నేను సంగతి చెప్పగానే వాడు టెలిఫోనులో, "మామయ్యా, వస్తూ వస్తూ ఏటికొప్పాకలో దిగి, బాగా ఎండిన అంకుడుకర్ర ముక్కలు నాలుగు తీసుకురండి. మీ టేకు మీద చెయ్యి వేసే ముందు వేరే కర్రమీద చేసి చూసుకోవాలి," అన్నాడు.

కలాలంటే మా రాజమండ్రికి కొత్త కాదు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1932లో, కె. వి. రత్నం గారు ఇక్కడ పౌంటెను పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆయన చేసిన కలం గాంధీగారికి అందింది. అది బాగా రాస్తున్నదని గాంధీగారు 1935లో ఉత్తరం రాశారు. ఆ కలాలు కొయ్యవి కావు, ఎబొనైటువి. రబ్బరులో గంధకం కలిపి కాస్తే గట్టిపడి ఎబొనైటు అవుతుంది. దాన్ని లేతుమీద తిప్పి కలాలు చేస్తారు. నా చిన్నతనంలో కలం కొంటే దానిమీద పేరు చెక్కించుకోవటం పెద్ద ముచ్చట. మీ అమ్మగారు స్టీలు గిన్నెలు కొన్నప్పుడు కొట్టువాడి చేత పేరు కొట్టిస్తుంది చూడండి, అటువంటిదే. ఆ గిన్నె ఎవరింటికి పోయినా తిరిగి వస్తుంది. కలం మాత్రం పేరున్నా తిరిగివచ్చే నమ్మకం లేదు. నా మొదటి కలం అట్లాగే పోయింది.

తెల్లవారుజామున రాజమండ్రిలో రైలెక్కాను. సామర్లకోట, పిఠాపురం దాటాయి. అన్నవరం కొండ కనిపించేసరికి బండిలో సగంమంది దణ్ణాలు పెట్టారు. తుని దాటి ఎలమంచిలిలో దిగి, ఆటో ఎక్కి ఏటికొప్పాక చేరుకున్నాను. ఈ ఊరు వరాహనది ఒడ్డున ఉన్నది. పూర్వం విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. మీరు ఆడుకున్న లక్కపిడతలు, బొంగరాలు, రంగురంగుల ఉంగరాల గిలకలు ఇక్కడివే అయి ఉండవచ్చు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీ కవాతులో మన రాష్ట్రం పక్షాన ఊరేగిన శకటం మీద కూర్చున్నవి కూడా ఈ బొమ్మలే.

కొండపల్లి బొమ్మ చెక్కుతారు, ఏటికొప్పాక బొమ్మ తిప్పుతారు. అదీ తేడా. లేతుకు, అంటే మన పెద్దలు తరిమెన అనే యంత్రానికి, కర్రముక్క బిగిస్తారు. అది గిరగిర తిరుగుతూ ఉంటే ఉలి ఆనిస్తారు. పొట్టు రిబ్బనులాగా లేచివస్తుంది. పూర్వం ఒకరు తాడు లాగుతూ ఉంటే మరొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు ఆ తాడు లాగే పని మోటారు చేస్తున్నది.

నేను వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దాయన అరుగుమీద కూర్చుని పిడతలు తిప్పుతున్నాడు. నా కళ్ళముందే ఒక పిడతకు రంగు వేశాడు. కుంచె లేదు, డబ్బా లేదు! రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుతున్న పిడతకు అదిమిపట్టాడు. ఆ రాపిడికి వేడిపుట్టి లక్క కరిగి కర్రకు పట్టుకున్నది. తరవాత మొగలిరేకు ఒకటి మడిచి ఒత్తిపట్టేసరికి పిడత నిగనిగలాడింది. లక్క ఒక రకం చిన్న పురుగులు చెట్ల కొమ్మల మీద స్రవించే జిగురు. అందులో పసుపుకొమ్ములు కలిపితే పసుపురంగు, జాఫ్రాగింజలు కలిపితే ఎరుపు, నీలిమొక్క రంగు కలిపితే నీలం. మధ్యలో కొంతకాలం కొన్నది మందురంగులు వచ్చి, ఇవి మూలపడ్డాయి. చింతలపాటి వెంకటపతిరాజు గారు పట్టుపట్టి, ఊళ్ళోని పనివారితో కలిసి ఈ చెట్టురంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. పసిపిల్లలు బొమ్మను ముందు నోట్లో పెట్టుకుంటారు గదా. ఆ సంగతి గుర్తు పెట్టుకుని చూస్తే, ఇది ఎంత మంచి పనో తెలుస్తుంది.

అంకుడు చెట్టు కొమ్మ విరిస్తే పాలు కారుతాయి. కర్ర దంతంలా తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది. ఉలికి లొంగుతుంది. "పచ్చికర్ర ముట్టుకుంటే నేడు నవ్వుతుంది, రేపు పగులుతుంది," అన్నాడు పెద్దాయన. తన చిన్నప్పుడు చుట్టుపక్కల కొండల మీద అంకుడు కావలసినంత దొరికేదనీ, ఇప్పుడు వెతుక్కోవలసి వస్తున్నదనీ కూడా చెప్పాడు. నేను ఇచ్చిన డబ్బు తీసుకుని, ఎండిన ముక్కలు నాలుగూ ఒక్కొక్కటే వేలితో కొట్టి, చప్పుడు విని, చేతికిచ్చాడు. నా సంచిలోని టేకుముక్కను వాసన చూసి, "పాతకాలపు చేవ, జాగ్రత్త," అన్నాడు. నాకు అక్కడే ఉండిపోవాలనిపించింది గాని, సాయంత్రానికి విశాఖపట్నం చేరాలి.

మరునాడు ఆదివారం. డాబామీది గదిలో మేనల్లుడు, వాడి పదకొండేళ్ళ కూతురు, నేను. గది నిండా కర్రపొట్టు వాసన.

ముందు అంకుడు ముక్క పట్టాడు. ముప్పాతిక అంగుళం పలకల కర్రను కలానికి తగిన పొడవు కోసి, నిట్టనిలువునా ఈ చివరినుంచి ఆ చివరికి రంధ్రం పొడిచాడు. పనంతట్లోకీ ప్రాణం మీదికి వచ్చేది ఇదేనట. బరమా వేడెక్కితే కర్ర పగులుతుంది. అందుకని కొంచెం పొడిచి, బరమా పైకి తీసి, పొట్టు దులిపి, మళ్ళీ పొడవాలి. రంధ్రంలో ఇత్తడి గొట్టం జిగురుతో అతికించాడు. ఆ గొట్టమే కలానికి వెన్నెముక. ఆరిన తరవాత కడ్డీకి గుచ్చి చిన్న లేతుమీద ఎక్కించాడు. పలకలు పోయి కర్ర గుండ్రమయింది. గరుకు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి నున్ననిదాకా ఆరు రకాలు పట్టాడు.

ఇక వెలుగు సంగతి. మీరు భూతద్దంతో ఎండను కాగితం మీద పడేట్టు చేసి కాల్చే ఉంటారు. (పెద్దవాళ్ళు చూడనప్పుడు చేసి ఉంటారు. నేనూ అట్లాగే చేశాను.) అద్దం ఎండనంతా ఒకచోటికి తెస్తుంది. అయినా ఆ చుక్క మరీ సన్నంగా రాదు. ఎందుకంటే సూర్యుడు ఒక బిందువు కాదు, పెద్ద పళ్ళెం. ఆ పళ్ళెం బొమ్మే కాగితం మీద పడుతుంది. ఎండలో అన్ని రంగులూ ఉంటాయి కూడాను. లేజరులో నుంచి వచ్చే వెలుగు ఒకే రంగు, దాదాపు ఒకే దిక్కు. అందుచేత దాన్ని మిల్లీమీటరులో పదోవంతు చుక్కగా కుదించవచ్చు. మా వాడి యంత్రం వెలుగు అయిదు వాట్లే. మీ ఇంట్లో దీపం అంతకంటే ఎక్కువ విద్యుత్తు తింటుంది. కాని ఆ అయిదు వాట్లూ అంత చిన్న చుక్కలో పడితే, అక్కడి తీవ్రత నడినెత్తిన కాచే ఎండకు సుమారు అయిదులక్షల రెట్లు అవుతుంది. నమ్మకపోతే లెక్క వేయండి: ఎండ చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు.

ఇట్లాటి వెలుగు సాధ్యమని చెప్పే సిద్ధాంతం 1917లో ఐన్‌స్టీన్ రాశాడు. చేసి చూపటానికి నలభై మూడేళ్ళు పట్టింది. 1960 మే 16న మైమన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కెంపు కడ్డీతో మొదటి లేజరును వెలిగించాడు. 1964లో బొగ్గుపులుసు వాయువుతో పనిచేసే లేజరును కనిపెట్టింది మన దేశంలో బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. కార్ఖానాల్లో చెక్కనూ, అట్టనూ కోసే యంత్రాలు చాలావరకు ఆ జాతివే. మా వాడిది అది కాదు. గోరంత స్ఫటికంలో నుంచి నీలివెలుగు వచ్చే రకం. అది 1990ల తరవాత గాని చేతికి రాలేదు.

కర్రమీద ఈ చుక్క పడగానే అక్కడి తేమా, వాయువులూ ఎగిరిపోయి బొగ్గు మిగులుతుంది. అదే అక్షరం. చుక్క మెల్లిగా కదిలితే నలుపు, త్వరగా కదిలితే గోధుమరంగు. తెల్లని అంకుడు మీద రాత కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. నల్లతుమ్మ చేవ మీద రాస్తే వెతుక్కోవాలి. కలం గుండ్రం కాబట్టి దాన్ని రెండు రబ్బరు రోలర్ల మీద పడుకోబెడతారు. చుక్క నిలువుగా నడుస్తూ ఉంటే కలం వెంట్రుకవాసి చొప్పున తిరుగుతుంది.

యంత్రం ముట్టించే ముందు మేనల్లుడు ముగ్గురికీ నారింజరంగు కళ్ళద్దాలు ఇచ్చాడు. నాకు ఎందుకులెమ్మన్నాను. వాడు యంత్రం ఆపేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మామయ్యా, ఆ వెలుగు ఇత్తడి అంచుమీద పడి ఎగిరి కంట్లో పడితే రెప్ప మూసేలోగా కన్ను పోతుంది. అద్దాలు పెట్టుకుంటేనే స్విచ్చి," అన్నాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లలను బెదిరించినవాణ్ణి, కిక్కురుమనకుండా పెట్టుకున్నాను. ఆ యంత్రానికి ఇట్లాటి నియమాలు మరికొన్ని ఉన్నాయి. పొగ బయటికి లాగే ఫాను తిరగాలి. పని అయిందాకా ఒక మనిషి అక్కడే ఉండాలి, పక్కన నీళ్ళు ఉండాలి. పి.వి.సి., రెక్సిన్ వంటివి పెట్టరాదు, వాటినుంచి ఊపిరితిత్తులను కొరికే ఆమ్లపు ఆవిరి వస్తుంది. గంధకం ఉన్నది గనక రాజమండ్రి ఎబొనైటు కూడా దీనికింద పనికిరాదు. దానికి ఉలే గతి. పిల్లలూ, మీ ఇళ్ళల్లో ఎవరైనా ఈ యంత్రం కొంటే, పెద్దవాళ్ళు పక్కన లేకుండా దాని జోలికి పోకండి.

పరీక్షకు మేనల్లుడు "గుండ్రంగా" అని కంప్యూటరులో కొట్టాడు. అంకుడు మీద "గుండ్‌రంగా" అని వచ్చింది! క్రావడి ఊడిపోయి ర పక్కన కూర్చున్నది. మనవరాలు పగలబడి నవ్వింది. దీనికి కారణం ఉన్నది. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. డ అంటే 3105, పొల్లు అంటే 3149, ర అంటే 3120. ఈ మూడు అంకెలూ వరసగా వస్తే ర ను క్రావడిగా మార్చి డ కింద చుట్టాలని ఎవరైనా దానికి నేర్పాలి. ఈ యంత్రం ప్రోగ్రాముకు ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషులో ఒకదాని పక్కన ఒకటి తప్ప ఒకదాని కింద ఒకటి రాదు మరి. అందుకని తెలుగును అక్షరాలుగా కాక బొమ్మగా ఇవ్వాలి. మనకు కావలసిందీ అదే గదా! నేను కాపీపుస్తకం తెరిచాను. మేనల్లుడు ఆ ఎర్రసిరా మాటలను ఫొటో తీసి, మచ్చలు తుడిచి, నలుపు తెలుపు చేశాడు. మాస్టారి చేతిరాత అంకుడు మీద పొల్లుపోకుండా దిగింది. లేక, దిగిందని మేము అనుకున్నాము.

మధ్యాహ్నం టేకు పట్టాము. పైన నల్లబడి ఉన్నా, ఉలి తగలగానే లోపల తేనెరంగు బయటపడింది. అరవై ఏళ్ళ తరవాత కూడా నూనెవాసన వచ్చింది. మొదటి కలం యంత్రం మీద పెట్టి, పొగమరక అంటకుండా కాగితపుపట్టీ చుట్టి, నాలుగు నిమిషాల్లో రాత దింపాడు. టేకులో ఏడాదికొక వలయం చొప్పున మెత్తనిదీ, గట్టిదీ చారలుంటాయి. గట్టిచార దగ్గర రాత పలచబడింది. నాకు నచ్చలేదు. "ఇంకొంచెం నల్లగా రానీ," అన్నాను.

"రెండోసారి నడిపితే ప్రమాదం, మామయ్యా. రోలరు మీద కలం వెంట్రుకవాసి కదిలినా మాట రెండుగా పడుతుంది," అన్నాడు.

నేను పట్టుపట్టాను. వాడు నడిపాడు. సగం దూరం బాగానే వెళ్ళింది. ఆ తరవాత ఎక్కడో రబ్బరు జారింది. పట్టీ తీసి చూస్తే మాటలు జంటగా పడి ఉన్నాయి, సున్నలు మసిబొట్లయి ఉన్నాయి. మాస్టారి కుర్చీలో సగం కర్ర నా తొందరకు పోయింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మనవరాలు కాఫీ తెచ్చి నా ముందు పెట్టి, "తాతయ్యా, ఈసారి నువ్వు మాట్లాడకు," అన్నది.

రెండో కలానికి నేను మాట్లాడలేదు. ఒక్కసారే నడిపాడు, కాస్త మెల్లిగా. చార మీద పలచనైనచోట అట్లాగే వదిలేశాడు. తేనెమైనం రుద్ది గుడ్డతో తుడిచి, మొనా, రీఫిలూ, మూతా బిగించి నా చేతికిచ్చాడు. మిగిలిన అంకుడుతో మనవరాలికి ఒక కలం చేసి, దాని తల్లి రాసి ఇచ్చిన పేరే దానిమీద దింపాడు. ఆ పిల్ల ఇంగ్లీషు బడిలో చదువుతున్నది. తన పేరును తెలుగులో తనకంటే ముందు యంత్రం రాసిందని ఉక్రోషపడి, సాయంత్రమంతా ఆ కలంతోనే ఆ పేరు రాస్తూ కూర్చున్నది.

మరుసటి ఆదివారం మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన కలం చేతిలోకి తీసుకుని బరువు చూశారు. కర్ర ఎక్కడిదో చెప్పాను. ఏమీ అనలేదు. బొటనవేలితో చాలాసేపు తడిమారు. తరవాత కోడలి చేత భూతద్దం తెప్పించుకుని రాత దగ్గర పెట్టి చూశారు.

"ఇది నా రాతేరా!" అన్నారు. మళ్ళీ చూశారు. "డకారానికి తలకట్టేదీ?"

నేను అద్దం తీసుకుని చూశాను. నిజమే, లేదు. ఇంటినుంచి కాపీపుస్తకం తెప్పించి చూశాము. అందులో ఉన్నది, వెలిసిపోయి లీలగా. ఫొటోలో మచ్చలు తుడిచినప్పుడు మచ్చలతోపాటు తలకట్టు కూడా తుడిచిపెట్టుకుపోయింది. మా మేనల్లుడు గమనించలేదు. నేనూ గమనించలేదు, అంకుడు మీద కాని, టేకు మీద కాని!

"తలకట్టు లేకుండా నేనెప్పుడన్నా రాశానా?" అన్నారు మాస్టారు. ఒక కాగితం ముందుకు లాక్కుని, ఆ కలంతో పైవరసన "గుండ్రంగా రాయి" అని రాశారు. చెయ్యి వణికింది. గీత అక్కడక్కడా అలలుపోయింది. కలం మాత్రం జారలేదు. తలకట్టు పెట్టిన తరవాత కాగితమూ, కలమూ నాకు అందించి, "పదిసార్లు," అన్నారు.

నేను కింద చాపమీద కూర్చుని పదిసార్లూ రాశాను. ఆయన అద్దం పెట్టి అన్నీ చూసి, ఏడోదాని కింద గీత గీశారు.